క్రషర్ ఆగిన మూడు రోజులు

ఆ పొద్దున పత్తి పువ్వును ముట్టుకుంటే రామేశ్వరమ్మ వేలికి గరుకు తగల్లేదు. అనుమానం వచ్చి పక్క చెట్టు పువ్వు ముట్టుకుంది. అదీ నున్నగానే ఉంది. నిన్న మాపటికి గోటితో గిల్లి, ఎర్ర కాగితం ముక్క తొడిగి వదిలిన మొగ్గ రాత్రి మంచుకు తడిసి, కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. ఆమె ఒడిలోంచి మగ పువ్వు ఒకటి తీసి, రెక్కలు వెనక్కి విరిచి, దాని పుప్పొడిని ఆడ పువ్వు కొనకు మెల్లగా రుద్దింది. పసుపు కొన చుట్టూ అంటుకుని నిలిచింది. ఈ ఏడు అంత చక్కగా అంటుకోవడం ఆమె చూడలేదు.

అప్పుడుగాని గుట్ట దిక్కు నుంచి చప్పుడు రావడం లేదని ఆమెకు పట్టలేదు.

"అక్కా, మిషన్ ఆగినట్లుంది గద," అంది గట్టు అవతలి నుంచి వనజ. వనజది పక్క చేను, కౌలుకు చేస్తుంది. ముప్పై ఏళ్ల మనిషి, చేతివేగం గలది, నోటివేగం అంతకన్నా గలది. "పొద్దుగాల్నుంచి ఏందో తక్కువైనట్లుంది, ఏందో తక్కువైనట్లుంది అనుకుంటున్న. గిదా సంగతి."

"ఆగితే ఆగనీ. నువ్వు చెయ్యి ఆపకు."

చెయ్యి ఆపడానికి వీల్లేని పని అది. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి వేసే ఊళ్లలో శ్రావణ భాద్రపదాలు వచ్చాయంటే ఆడవాళ్లకు ఇంకో పని తలకెక్కదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ మాపటికే పట్టుకుని, దాని సొంత పుప్పొడి పుట్టకముందే కేసరాలన్నీ గోటితో గిల్లేయాలి. తెల్లారి ఎండ కాస్త పైకెక్కాక వేరే జాతి పువ్వు పుప్పొడి తెచ్చి దానికి పూయాలి. క్రాసింగు అంటారు. గిల్లిన మొగ్గకు తెల్లారి మధ్యాహ్నంలోపు పుప్పొడి పడకపోతే అది రాలిపోతుంది, అంతే. ఒళ్లు కాలిపోతున్నా, ఇంటికి చుట్టాలొచ్చినా, గిల్లిన మొగ్గ మాత్రం ఆగదు.

గుట్ట మీద క్రషర్ వచ్చినప్పటి నుంచి ఆ పని బూడిదలో పోసిన పన్నీరయింది. కంకర పిండి తెల్లటి బూజులా వచ్చి ఆకుల మీద, మొగ్గల మీద, ఆడవాళ్ల కనురెప్పల మీద వాలుతుంది. పువ్వు కొన మీద అది కూర్చుంటే పుప్పొడి పట్టదు. పట్టినట్టే పట్టి, నాలుగు రోజులకు పిందె పండుబారి కాలి కింద పడుతుంది. పొద్దంతా వంగి వంగి పూసిన పుప్పొడి అలా కాళ్ల కింద నలుగుతుంటే కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, రామేశ్వరమ్మ ఒకసారి క్రషర్ గేటు దాకా పోయి మన్ను దోసిట పట్టి విసిరి వచ్చింది. మన్ను గేటు దాకా కూడా పోలేదు.

మధ్యాహ్నం పని అయిపోయి బాటకెక్కితే బాటంతా తడిగా ఉంది. ట్యాంకరు నీళ్లు చల్లుతూ పోతోంది. దాని వెనకాలే మోటారు సైకిల్ మీద విజయ్ వస్తున్నాడు. అతను క్రషర్ సూపర్‌వైజరు, ఆత్మకూరు వాడు, మాట మెత్తన.

"ఏం నాయినా, మిషన్ మూసేసిండ్రా?" అని అడిగింది రామేశ్వరమ్మ.

"బెల్టు తెగింది పెద్దమ్మా. సామాను రావాల. రెండు మూడు రోజులు పడ్తది."

"బాటకు నీళ్లెందుకు మరి?"

"మీకు దుమ్ము గాకుండ," అన్నాడు విజయ్ నవ్వి. అతని నవ్వు కూడా మెత్తనే.

రెండేళ్లుగా లేని దయ ఇప్పుడెందుకు పుట్టుకొచ్చిందని ఆమె అడగలేదు. ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఊపిరి లోపలిదాకా పోతోంది. తడిసిన మట్టి వాసన వస్తోంది. అడగాలనిపించలేదు.

నిజానికి అడగవలసిన మనిషి ఆమే. క్రషర్ కంపెనీ గుట్టలో మిగిలిన సగం కూడా తీసుకుని రెండో మిషన్ పెట్టుకుంటానంది. అలా పెట్టుకోవాలంటే ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగాలని చట్టం ఉంది. మంచి చట్టమే, ఎవరూ కాదనరు. డప్పు బాలన్న ఊరంతా తిరిగి చాటింపు వేశాడు: గుట్ట కింద టెంటు వేస్తారట, సర్కారు తరఫున పెద్ద సారు వస్తాడట, ఎవరికి ఏం బాధ ఉన్నా మైకులో చెప్పుకోవచ్చునట. ఎప్పుడయ్యా అంటే శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు. భాద్రపదంలో పదకొండు గంటలంటే క్రాసింగు మంచి ఊపు మీదుండే వేళ. ఆ వేళ పెట్టినవాళ్లు పత్తి సంగతి తెలియక పెట్టారో, బాగా తెలిసే పెట్టారో.

రెండో మిషన్ వస్తే దాని హద్దు సరిగ్గా రామేశ్వరమ్మ చేను గట్టుకు తగులుతుంది. అప్పుడిక పత్తి మాట మర్చిపోవలసిందే, భూమి ఉండీ కూలికి పోవలసిందే. అందుకే పోయిన వారం ఆమె ఊళ్లో క్రాసింగుకు పోయే ఆడవాళ్లందరినీ తన ఇంటి ముందు కూర్చోబెట్టింది. మగవాళ్లను నమ్ముకోలేదు. సగం మంది క్రషర్‌లో టిప్పర్లు తోలేవాళ్లే, వాళ్లు నోరు విప్పరు. మిగిలినవాళ్లలో ఆమె పెనిమిటి కురుమయ్య లాంటి గొర్లకాపరులు మందలు తోలుకుని లింగాల దిక్కు అడవికి పోయారు.

"ఇనుండ్రి," అంది ఆ రోజు. "గురువారం మాపటికి ఎవ్వరు మొగ్గ ముట్టొద్దు. గిల్లిన మొగ్గ లేకుంటే తెల్లారి చేనుకు పోయే పనే ఉండదు. గిల్లక విచ్చుకున్న పువ్వులు విత్తనానికి పనికిరావు గద, తెంపి పారేద్దం. ఒక్క పూట పోతె పోయింది. అందరం పోయి టెంటు కింద కూసుందం. ఒక్కతి మాట్లాడితె పిచ్చిదంటరు, ఊరంత మాట్లాడితె రాసుకుంటరు."

దేవుడి పసుపు, బండారు పళ్లెం నడుమ పెట్టి, ఒక్కొక్కరూ వేలు ముట్టించి జమ్ములమ్మ తల్లి ఆన అన్నారు. వనజ అయితే రెండు చేతులూ ముట్టించింది.

*

రెండో రోజు, గురువారం, పువ్వులు మొదటి రోజుకన్నా బాగున్నాయి. ఆకుల మీది పాత దుమ్ము కూడా మంచుకు కడిగినట్టయి, చేను కొత్తగా మొలిచినట్టుంది. ఆడవాళ్లు మాట్లాడుకుంటూ పనిచేస్తున్నారు. మామూలు రోజుల్లో కొంగు మూతికి చుట్టుకుని చేసే పని అది, మాటలుండవు. ఎక్కడి నుంచో ఎవరో పాటెత్తుకున్నారు కూడా. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు సద్దిలో ఇసుక లేదు.

అన్నాలయ్యాక అడవి నుంచి కురుమయ్య ఫోను చేశాడు. గుట్టెక్కితే గాని అక్కడ సిగ్నల్ అందదు, అందుకని రెండు మాటల్లో ముగిస్తాడు.

"మిషన్ ఆగిందంట గద. ఎందుకాపిండ్రో అడిగినవా?"

"బెల్టు తెగిందంట."

"బెల్టు తెగితె బాటకు నీళ్లు కొడ్తరా?"

"నీకెవరు చెప్పిండ్రు నీళ్ల సంగతి?"

"అందరు చెప్తుండ్రు. నువ్వే చెప్పలే. శుక్రారం యాది మరువకు," అని పెట్టేశాడు.

యాది మరిచే మనిషేమిటి? ఆమెకు కోపం వచ్చింది. అందరినీ కూడగట్టింది తను. గొర్ల వెనక తిరిగేవాడు తనకు చెప్పొచ్చాడు.

ఆ మాపటికి ఆమె చేనుకు పోవలసిన పని లేదు. అయినా పోయింది. ఎవరైనా మొగ్గ ముట్టారేమో చూసి రావాలని తనకు తను చెప్పుకున్న సాకు. నీరెండలో చేలన్నీ ఊరికే నిలబడి ఉన్నాయి. ప్రతి చెట్టుకూ రేపటి మొగ్గలు, పాలిండ్ల కొనల్లా బిగిసి, తెల్లగా, దుమ్ము ఆనవాలు లేకుండా. ఇలాంటి మొగ్గలు ఈ సీజనులో మళ్లీ వస్తాయా? బెల్టు అతుక్కుంటే ఎల్లుండి నుంచి మళ్లీ అదే బూజు.

గట్టు అవతల చెట్లు కదిలాయి. వనజ వంగి ఉంది. ఆమె వేళ్ల దగ్గర ఎర్ర కాగితాలు.

"వనజా."

వనజ ఉలిక్కిపడి లేచింది. బొటనవేలి గోరు పచ్చగా ఉంది. "నాలుగు సాళ్లే అక్కా," అంది. "పదింటికల్లా అయిపోతది. కాళ్లు కడుక్కోని సీదా టెంటుకే వస్త."

"ఆన పెట్టుకుంటివి."

"రానంటినా అక్కా? వస్త అంటున్న గద. కౌలు భూమి నాది. పిందె ఆగకపోతె పటేలు ఊకుంటడా?"

రామేశ్వరమ్మ కొంత దూరం నడిచింది. ఇంకో చేనులోనూ చెట్లు కదులుతున్నాయి. ఆ పైచేనులోనూ. ఎవరి తలా కనిపించదు. చెట్లు రొమ్ముల దాకా పెరిగాయి, వంగితే మనిషి లోపలికి పోతుంది. పిలిస్తే ఎవరూ పలకరని తెలిసి ఆమె పిలవలేదు.

తన చేను గట్టు మీద కాసేపు కూర్చుంది. అందరూ గిల్లుకుని, పదింటికల్లా ముగించుకుని వస్తారు. తనొక్కతే ఆన పట్టుకుని కూర్చుంటే తన చేనొక్కటే పాడు. నాలుగు సాళ్లు. ఆమె లేచింది. మొదటి మొగ్గను ఎడమ చేతి వేళ్ల మధ్య పట్టి, కుడి బొటనవేలి గోరు దించింది. మెత్తగా తెగింది. కేసరాల తొడుగు ఊడి చేతిలోకి వచ్చింది, లోపలి కొన తెల్లగా, తడిగా బయటపడింది. ఎర్ర కాగితం తొడిగింది. నాలుగు సాళ్లు అయ్యాక వెలుగు ఇంకా ఉంది. ఐదో సాలు ఎక్కింది. చూపు ఆననప్పుడే ఆపింది. ఎన్ని సాళ్లు అయ్యాయో చూసుకోలేదు.

*

శుక్రవారం పొద్దున మబ్బు పట్టింది. మబ్బు పడితే మగ పువ్వు ఆలస్యంగా విచ్చుకుంటుంది. ఎంత తొందరపడ్డా పుప్పొడి రాలదు. పది దాటినా ఆమె ఒడిలో పువ్వులు ముడుచుకునే ఉన్నాయి. వాటిని అరచేతుల్లో పెట్టి ఊదుతూ, కొంగులో పెట్టి వెచ్చబెడుతూ, ఒక్కో ఆడ పువ్వు దగ్గరా మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడుతూ పోతోంది.

గుట్ట కింద మైకు గరగరమంది. "హలో, హలో" అన్నారు. తర్వాత ఎవరో చదవడం మొదలుపెట్టారు. గాలి ఇటే ఉంది కాబట్టి ప్రతి మాటా వినిపిస్తోంది, అర్థం మాత్రం కావడం లేదు. హెక్టార్లు, ఘనపు మీటర్లు, హరిత పట్టీ. ఆమె చేతులు పువ్వు నుంచి పువ్వుకు పోతున్నాయి. ఈ సాలు అయిపోగానే పోదామనుకుంది. ఆ సాలు చివర నిలబడితే పక్క సాలులో ఎర్ర కాగితాలు వరసగా కనిపించాయి. వదిలేస్తే సాయంత్రానికి వాడిపోతాయి.

"ఇప్పుడు గ్రామ ప్రజలు ఒక్కొక్కరు వచ్చి మాట్లాడవచ్చు," అంది మైకు.

ఒకాయన మాట్లాడాడు. గొంతు ఈ ఊరిది కాదు. రెండో మిషన్ వస్తే మన పిల్లలకు పని దొరుకుతుందన్నాడు. చప్పట్లు వినిపించాయి. ఇంకొకాయన మాట్లాడాడు, అదీ తెలియని గొంతే. వనజ ఈపాటికి పోయి ఉంటుంది అనుకుంది రామేశ్వరమ్మ. వనజ నోరు ఊరుకునేది కాదు, లేచి అడుగుతుంది. పైచేనువాళ్లు పోయి ఉంటారు. పది మంది కూర్చున్నా చాలు, తను వెనకాల పోయి చేరవచ్చు. చేతులు ఆగలేదు.

"ఇంకా ఎవరైనా మాట్లాడేది ఉందా?" అంది మైకు. మళ్లీ అదే అడిగింది. మబ్బు విడిపోయి ఎండ చురుక్కుమంది, ఒడిలో పువ్వులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి, పుప్పొడి పిండిలా రాలుతోంది. ఇప్పుడు కదా వేళ. ఆమె వేళ్లు పరుగెత్తాయి. మూడోసారి మైకు అడిగినప్పుడు ఆమె సాలు మధ్యలో ఉంది. తర్వాత మైకు మాట్లాడలేదు.

ఆమె ఒడి విదిలించి, చెట్లను తోసుకుంటూ బాట మీదికి ఉరికింది. అప్పుడు కనిపించారు. బాటకు రెండు దిక్కులా చేలల్లోంచి ఒక్కొక్కరే లేస్తున్నారు. తలలకు గుడ్డలు, చేతులకు పసుపు. వనజ లేచింది. పైచేను అత్తాకోడళ్లు లేచారు. అందరూ గుట్ట దిక్కు చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఆన పెట్టుకున్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ పోలేదు.

టెంటు దగ్గరికి చేరేసరికి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. ఊరు కాని ఊరివాళ్లు ఆటోల్లో ఎక్కుతున్నారు, ఒక్కొక్కరి చేతిలో బిర్యానీ పొట్లం. పెద్ద సారు జీపు దగ్గర నిలబడి నీళ్లు తాగుతున్నాడు. వయసులో చిన్నవాడే, ఎండకు అలసిపోయి ఉన్నాడు.

"సారూ, మాట్లాడాల," అంది రామేశ్వరమ్మ రొప్పుతూ.

"అయిపోయిందమ్మా. మూడుసార్లు మైకులో పిలిచాం."

"విన్న సారు."

"విన్నారా?" ఆయన సీసా దించాడు. "మరి రాలేదేం?"

ఆమె రెండు చేతులు చాపింది. వేళ్లన్నీ పసుపు. ఆయన వాటి వైపు చూసి, ఏమనుకున్నాడో, తల పంకించాడు.

"దుమ్ముకు పిందె ఆగుతలేదు సారు. రెండేండ్ల సంది. ఇంకో మిషన్ పెడితె మేం బత్కలేం."

"దుమ్ము వల్లే రాలుతుందని ఎట్లా చెప్తారమ్మా? పురుగుకూ రాలుతుంది, ఎండకూ రాలుతుంది. ఏదైనా రుజువు ఉండాలి కదా. పొద్దున నేనే చేలల్లోకి దిగి చూశాను. ఆకు మీద దుమ్ము లేదు."

"మిషన్ ఆపిండ్రు సారు, మీరొస్తరని."

"రిపేరని చెప్పారు." ఆయన గొంతులో కోపం లేదు. "ఎవరూ వద్దనలేదని రాసి సంతకాలు కూడా అయిపోయాయి. మీకేమైనా ఉంటే ఒక అర్జీ పంపండి, చూస్తాం."

జీపు వెళ్లిపోయింది. విజయ్ ఒక పొట్లం తెచ్చి, "తిని పో పెద్దమ్మా, ఆకలయితది," అన్నాడు. ఆమె తీసుకోలేదు. సగం దూరం వచ్చాక నిజంగానే ఆకలైంది. ఆ ఆకలికి తన మీద తనకే అసహ్యం వేసింది.

చేల దగ్గర వనజ ఒక్కతే ఎదురొచ్చింది. మిగతావాళ్లు చెట్లలోంచి చూస్తున్నారు.

"ఏమన్నరక్కా?"

"ఎవ్వరు వద్దనలేదని రాసుకున్నరంట."

వనజ కొంగు నోట్లో కుక్కుకుంది. తిట్టుకోవడానికి ఎవరికీ ఎవరూ మిగల్లేదు. తిట్టేదానికీ అదే తప్పు, తిట్టించుకునేదానికీ అదే తప్పు. ఆ మాపటికి నీరెండ వాలకముందే బెల్టు అతుక్కుంది. గుట్ట మీద మిషన్ మళ్లీ రాళ్లు నమలడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు కొంగులు మూతులకు చుట్టుకుని రేపటి మొగ్గలు గిల్లుతున్నారు.

*

వారం దాటాక ఒకరోజు వనజ గట్టు అవతలి నుంచి కేకేసింది. గొంతు వింతగా ఉంది.

"అక్కా, నీ చెట్లు సూస్కున్నవా?"

చూసుకోలేదు. తల వంచుకుని చేసే పని, చెట్టు మొత్తం చూసేదెవరు? రామేశ్వరమ్మ సాలు బయటికి వచ్చి, నడుం నిటారుగా చేసి చూసింది. ప్రతి చెట్టుకూ నడుమ కొమ్మల్లో కాయలు. గుత్తులు గుత్తులుగా, ఉసిరికాయంతేసి, పచ్చగా బిగిసి ఉన్నాయి. వాటి కింద ఉత్త తొడిమలు. వాటి పైన, ఆ శుక్రవారం తర్వాత గిల్లినచోట, మళ్లీ ఉత్త తొడిమలు. ఒక చెట్టు కాదు, ఒక చేను కాదు. వనజ చేనులో అదే, పైచేనులో అదే. క్రషర్ ఆగిన మూడు రోజులూ నడుముకు కట్టిన పచ్చ గుడ్డలా చేలన్నిటికీ చుట్టుకుని ఉన్నాయి.

"రుజువు అడిగిండు సారు," అంది రామేశ్వరమ్మ. "గిదే రుజువు."

"ఆ దినం మనం పోయుంటె ఈ కాయ ఇంత ఉండకపోతుండె," అంది వనజ. "పోలే గనక ఉన్నది."

ఇద్దరూ ఒక్కో చెట్టూ తడుముకుంటూ బాట దిక్కు నడిచారు.

బాట మీద మోటారు సైకిల్ ఆగింది. విజయ్ గట్టెక్కి వచ్చాడు. కొత్త మిషన్ గుంజలకు కొలతలు వేయిస్తున్నాడు, అటు పోతూ చూసినట్టుంది.

"అబ్బ, కాయ బలంగ పట్టింది గద పెద్దమ్మా," అన్నాడు. అతని ముఖంలో నిజమైన సంతోషం ఉంది. "మావల్ల పంట పోతుందంటిరి. జర ఆ కొమ్మ ఇట్ల పట్టుకో, ఫోటో తీసుకుంట. పైనోళ్లు అడుగుతుండ్రు, పక్క చేలు ఎట్లున్నయని."

అతను అడిగినందుకు ఆమె చెయ్యి దానంతటదే కొమ్మ కిందికి పోయింది. గుత్తి బరువుగా అరచేతిలో వాలింది. ఫోను టిక్కుమంది. ఆ ఫోటో ఎందుకో అప్పుడు గాని ఆమెకు అర్థం కాలేదు.

"నాయినా, ఉండు," అంది. "మొత్తం చెట్టు తియ్యి. కింద మొదలుకోని పైదాంక. కింద సూడు, పైన సూడు. ఏమున్నది?"

విజయ్ చూశాడు. చూసినట్టు అతని కళ్లలో తెలిసింది. రెండు అడుగులు వెనక్కి వేసి ఫోను ఎత్తాడు, దించాడు.

"పక్క చెట్లు అడ్డమొస్తున్నయ్ పెద్దమ్మా. మొత్తం పడ్తలేదు."

రామేశ్వరమ్మ కొమ్మ వదిలింది. వంగి, చెట్టు మొదలును రెండు చేతులా పట్టుకుంది. "అక్కా, కాయున్న చెట్టు," అని వనజ అరిచింది. ఆమె వినిపించుకోలేదు. కాళ్లు తన్ని పెట్టి గుంజింది. మొదటిసారి రాలేదు. రెండోసారి వేర్లు తెగుతున్న చప్పుడుతో చెట్టు మన్నుతో సహా పైకి వచ్చింది. దాన్ని ఈడ్చుకొచ్చి, బాట మీద అతని కాళ్ల ముందు బారుగా పడుకోబెట్టింది. కింద ఉత్త తొడిమలు, నడుమ కాయలు, పైన ఉత్త తొడిమలు.

"ఇప్పుడు పడ్తది," అంది. "తియ్యి."

విజయ్ చెట్టును చూశాడు, ఆమెను చూశాడు. ఫోనును చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నాకు కావాల్సింది వచ్చింది పెద్దమ్మా," అని మెత్తగా అని, బండి స్టార్ట్ చేసుకుని గుట్ట దిక్కు పోయాడు.

బాట మీది దుమ్ము లేచి, మెల్లగా వచ్చి, పడుకున్న చెట్టు మీద వాలింది. రామేశ్వరమ్మ కూర్చుని ఒక కాయను గోటితో చీల్చింది. లోపల గింజలు ఇంకా ముదరలేదు, నీళ్లలాగే ఉన్నాయి.